సినిమాలో చూపిన విమాన ప్రమాద దర్యాప్తును అసలు నివేదికతో సరిచూసుకోవడం ఎలా?

నిజంగా జరిగిన విమాన ప్రమాదం ఆధారంగా తీసిన సినిమా గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన? ఒక్కో సినిమాకు విడిగా జవాబు చెప్పడం కంటే, మీ అంతట మీరే సరిచూసుకునే పద్ధతిని ఒకసారి వివరంగా రాయడం మేలనిపించింది. ఉదాహరణగా క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో 2016లో వచ్చిన ‘సల్లీ’ని తీసుకుంటున్నాను. 2009 జనవరి 15న న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయం నుంచి షార్లెట్‌కు బయలుదేరిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం, పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పనిచేయక హడ్సన్ నదిలో దిగిన ఉదంతం అది. తుది నివేదిక ఉచితంగా దొరకడం, కాక్‌పిట్ సంభాషణ అక్షరరూపంలో అందులోనే ఉండడం, సినిమా కొన్నిచోట్ల ఆ నివేదికను అంటిపెట్టుకుని మరికొన్నిచోట్ల దానికి ఎదురు తిరగడం వల్ల, కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారికి ఇంతకంటే అనువైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందుగా ఒక హెచ్చరిక. ఇలాంటి సినిమాల్లో అందరూ తప్పులు వెతికేది ప్రమాద దృశ్యంలోనే. కల్పన ఎక్కువగా చోటుచేసుకునేది మాత్రం ఆ తరువాత వచ్చే దర్యాప్తు గదిలో. ప్రమాదానికి సహజంగానే ఉత్కంఠ ఉంటుంది కనుక రచయిత దానికి పెద్దగా చేర్చవలసింది ఉండదు. దర్యాప్తు అలాంటిది కాదు. అది నెలల తరబడి కాగితాల మీద సాగుతుంది, అందులో ప్రతినాయకుడు ఉండడు. ఆ లోటు తీర్చడానికే సినిమా ఒకరిని తెచ్చిపెడుతుంది. అందువల్ల మీ సమయంలో ఎక్కువ భాగం విచారణ సన్నివేశాలకు కేటాయించండి.

కావలసినవి

- ఆపుతూ, వెనక్కి తిప్పుతూ చూడగలిగే సినిమా ప్రతి. ఉపశీర్షికలు ఉంటే మంచిది.
- దర్యాప్తు సంస్థ ప్రచురించిన తుది నివేదిక. ఈ ఉదంతానికి అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, వెలువరించిన ఏఏఆర్-10/03 నివేదిక.
- గీతలున్న నోటు పుస్తకం లేదా స్ప్రెడ్‌షీట్.
- రెండు సాయంత్రాలు. నివేదిక మొత్తం చదవనక్కర్లేదు. ఏయే భాగాలు చదవాలో కింద చెప్తాను.

1. సంఘటనను గుర్తించండి

తేదీ, ఫ్లైట్ నంబరు, విమానం రకం, బయలుదేరిన చోటు, ఈ నాలుగూ మొదటి పేజీలో రాసుకోండి. మన ఉదాహరణలో విమానం ఎయిర్‌బస్ ఏ320, అందులో 150 మంది ప్రయాణికులు, 5 మంది సిబ్బంది ఉన్నారు, అందరూ బతికారు.

తరువాత సినిమా మొదట్లో వేసే అక్షరాలు జాగ్రత్తగా చదవండి. ‘యథార్థ సంఘటన ఆధారంగా’ అని వేసిన సినిమాకూ, ‘యథార్థ సంఘటనల స్ఫూర్తితో’ అని వేసిన సినిమాకూ మీరు పెట్టవలసిన కొలబద్ద ఒకటి కాదు. రెండో రకం సినిమాలో పాత్రల పేర్లు, మాటలు, విచారణ తీరు సరిచూడటం వృథా శ్రమ. అటువంటి వాటికి ఏం చేయాలో చివర్లో చెప్తాను.

2. సరైన నివేదికను తెచ్చుకోండి

దర్యాప్తు సంస్థ వెబ్‌సైటులో ఫ్లైట్ నంబరు కంటే నివేదిక నంబరుతో వెతికితే త్వరగా దొరుకుతుంది. మీకు దొరికింది తుది నివేదికేనని తేల్చుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది: అందులో ‘నిర్ధారణలు’, ‘సంభావ్య కారణం’, ‘భద్రతా సిఫార్సులు’ అనే భాగాలు ఉండాలి. లేకపోతే అది ప్రాథమిక నివేదిక అయి ఉంటుంది.

ప్రాథమిక నివేదికతో సినిమాను సరిచూడకండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం అది ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు రావలసిన పత్రం. అప్పటికి తెలిసిన వాస్తవాలు మాత్రమే అందులో ఉంటాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా 171 విమానంపై జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చదివి చాలామంది కారణం తేలిపోయినట్టే మాట్లాడారు, కానీ ఆ పత్రం ఏ కారణాన్నీ ప్రకటించలేదు.

నివేదిక ఇంగ్లీషులో లేకపోతే అనువాదం ఉందేమో చూడండి. ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ పెద్ద ప్రమాదాల నివేదికలకు ఇంగ్లీషు అనువాదం ఇస్తుంది, అయితే ప్రామాణికం ఫ్రెంచి మూలమేనని అందులోనే చెప్పుకుంటుంది. కనుక అనువాదంలోని ఒక్కొక్క మాటను పట్టుకుని వాదించకండి.

ఒకే ప్రమాదానికి రెండు ప్రభుత్వాలు రెండు నిర్ణయాలు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. 1999 అక్టోబరు 31న అట్లాంటిక్‌లో కూలిన ఈజిప్ట్‌ఎయిర్ 990 విషయంలో, సహాయ పైలట్ చర్యల వల్లే విమానం కూలిందని, అతను అలా ఎందుకు చేశాడో తేలలేదని ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. ఈజిప్టు దాన్ని ఒప్పుకోకుండా యాంత్రిక లోపమే కారణమంది. అలాంటి ప్రమాదంపై వచ్చిన సినిమాను ఒక్క నివేదిక చదివి కొట్టిపారేయడం తగదు.

3. మొదటిసారి చూసేటప్పుడు తీర్పు చెప్పకండి

నోటు పుస్తకంలో మూడు నిలువు గడులు గీయండి: సినిమాలో సమయం, సినిమా చెప్పిన విషయం, ఆ విషయం ఏ రకానిది. రకాలు నాలుగే: అంకె, సంఘటన, మాట, ఉద్దేశం. ‘ఇంజిన్లు ఆగాక 208 సెకన్లు’ అన్నది అంకె. ‘ఎడమ ఇంజిన్ నదిలోంచి తీశారు’ అన్నది సంఘటన. ‘దర్యాప్తు అధికారులు కెప్టెన్‌ను ఇరికించాలని చూశారు’ అన్నది ఉద్దేశం. ఈ చివరి రకాన్ని ఎర్ర సిరాతో రాయండి, ఎందుకంటే సినిమా తన కథను నిలబెట్టుకునేది దాని మీదే, నివేదికలో దానికి నేరుగా జవాబు దొరకనిదీ అదే.

చూస్తూ చూస్తూ నివేదిక తిరగేయడం అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే మీకు సులువుగా దొరికిన అంకెలనే సరిచూస్తారు. దొరకని వాటిని దాటేస్తారు.

4. కాక్‌పిట్ దృశ్యాన్ని రికార్డర్ అక్షరరూపంతో పోల్చండి

నివేదిక అనుబంధంలో కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ సంభాషణ సెకన్లతో సహా ఉంటుంది. దాన్ని చదవడానికి కొన్ని గుర్తులు తెలియాలి. ‘హెచ్‌ఓటీ’ అంటే పైలట్ నోటి దగ్గరి మైక్‌లో పడిన మాట; ‘ఆర్‌డీఓ’ అంటే రేడియోలో పలికిన మాట. పక్కనున్న 1 కెప్టెన్‌ను, 2 ఫస్ట్ ఆఫీసర్‌ను, అంటే సహాయ పైలట్‌ను సూచిస్తాయి. నక్షత్రం గుర్తు ఉంటే ఆ మాట అర్థం కాలేదని. కుండలీకరణాల్లో ఉంటే అది కచ్చితం కాదని. సమయం స్థానికమైనదే, కానీ 24 గంటల లెక్కలో ఉంటుంది.

15:27:11 దగ్గర పక్షులు తగిలిన చప్పుళ్లు నమోదయ్యాయి. అప్పటిదాకా విమానం నడుపుతున్నది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్. పన్నెండు సెకన్ల తరువాత కెప్టెన్ చెస్లీ సలెన్‌బర్గర్ నియంత్రణ తన చేతిలోకి తీసుకున్నారు. ఆపద సందేశం పంపేటప్పుడు ఆయన తమ ఫ్లైట్ నంబరును 1549 అనబోయి 1539 అన్నారు. చివరి క్షణాల్లో ‘ఇంకేమైనా ఆలోచన ఉందా’ అన్న అర్థంలో కెప్టెన్ అడగడం, ‘నిజానికి లేదు’ అని స్కైల్స్ బదులివ్వడం అక్షరరూపంలో ఉన్నాయి. ఇలాంటి చిన్న వివరాలు నాలుగైదు ఎంచుకుని సినిమాలో వెతకండి. నంబరు తడబాటు లాంటివి సినిమాలో ఉంటే, రచయిత అక్షరరూపాన్ని ఎదురుగా పెట్టుకుని రాశాడని నమ్మవచ్చు. రచయితలు సొంతంగా ఊహించే రకం వివరాలు కావు అవి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, కొన్ని సెకన్ల తేడాను తప్పుగా లెక్కించడం. పక్షులు తగిలిన క్షణం నుంచి నీటిని తాకేవరకు సుమారు మూడున్నర నిమిషాలు. లెక్క ఎక్కడ మొదలుపెడతారన్న దానిని బట్టి సెకన్లు మారతాయి. రెండోది, సినిమాలో లేని దాన్ని గమనించకపోవడం. కెప్టెన్ చెక్‌లిస్టు వరుస కోసం ఆగకుండా ఇంజిన్లు ఆగినా విమానానికి కరెంటు ఇచ్చే సహాయక విద్యుత్ యూనిట్‌ను వెంటనే ఆన్ చేయడం కీలకమైన నిర్ణయమని నివేదిక చెప్తుంది. రెండు ఇంజిన్లూ ఆగినప్పుడు వాడే చెక్‌లిస్టు చాలా ఎత్తులో ఉండే విమానాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కనుక, మూడు వేల అడుగుల లోపే ఉన్న ఈ విమానంలో పైలట్లు దాని మొదటి భాగంలో చాలావరకు మాత్రమే పూర్తిచేయగలిగారు. తెర మీద ఇది కాగితాలు తిప్పే చేతులుగా కనిపించి పోతుంది. నివేదిక మాత్రం దీని మీద సిఫార్సులు చేసింది.

5. దర్యాప్తు గదిని విడదీసి చూడండి

అసలు పని ఇదే. కింది అయిదు ప్రశ్నలను ఏ సినిమాకైనా వేయవచ్చు.

*ఎంత కాలం పట్టింది?* సినిమాలో కెప్టెన్ ఇంకా న్యూయార్క్‌లో, ఇంటికి వెళ్లకముందే, విచారణ జరిగిపోతున్నట్టు ఉంటుంది. వాస్తవంలో ఎన్‌టీఎస్‌బీ బహిరంగ విచారణ 2009 జూన్ 9 నుంచి 11 వరకు వాషింగ్టన్‌లో జరిగింది. తుది నివేదికకు 2010 మే 4న ఆమోదం లభించింది. అంటే ప్రమాదం నుంచి పదిహేను నెలలకు పైనే. కాలాన్ని కుదించడం సినిమాకు తప్పనిసరి కనుక దాన్ని తప్పుగా రాయకండి; కుదించినందువల్ల ఏ సంఘటన ఏ సంఘటనకు కారణంగా మారిందో మాత్రం రాయండి.

*ఆధారం ఎప్పుడు దొరికింది?* ఎడమ ఇంజిన్ ఇంకా పనిచేస్తూనే ఉందని సినిమాలో అధికారులు అనుమానిస్తారు. విచారణ చివర్లో, ఇంజిన్ దొరికిందని, అది పూర్తిగా దెబ్బతిందని తెలియడంతో అందరి ముఖాలూ మారిపోతాయి. ఆ ఇంజిన్‌ను నది అడుగు నుంచి 2009 జనవరి 23న, అంటే ప్రమాదమైన ఎనిమిది రోజులకే, బయటికి తీశారు. బహిరంగ విచారణ అయిదు నెలల తరువాతి మాట. అంతే కాదు, ఇంజిన్లలో చిక్కిన అవశేషాలను పరీక్షించి అవి కెనడా బాతులవని, ఎడమ ఇంజిన్‌లో ఆడ, మగ రెండింటి ఆనవాళ్లూ ఉన్నాయని శాస్త్రవేత్తలు తేల్చారు. ఆఖరి నిమిషంలో దొరికే ఆధారం తెర మీద కనబడితే మీ పెన్ను ఆగాలి; నిజమైన దర్యాప్తులో ఆధారాలు అలా నాటకీయంగా రావడం అరుదు.

*రికార్డింగ్ ఎవరు విన్నారు?* సినిమాలో కాక్‌పిట్ రికార్డింగ్‌ను విచారణలో సభికులందరికీ వినిపిస్తారు. అమెరికా చట్టం ప్రకారం ఎన్‌టీఎస్‌బీ ఆ ధ్వనిని బహిరంగపరచకూడదు. అక్షరరూపం మాత్రమే విడుదల చేయవచ్చు. ఏ అమెరికన్ దర్యాప్తు సినిమాలోనైనా బహిరంగ విచారణలో ఆ ధ్వని వినిపించిందంటే, నివేదిక తెరవకుండానే అది కల్పన అని రాసుకోవచ్చు. అయితే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సంభాషణల సంగతి వేరు. ఆ రికార్డింగులు బయటికి వస్తాయి. ఈ రెంటినీ కలిపేసి సినిమాను తప్పుపట్టినవారు చాలామంది ఉన్నారు.

*సిమ్యులేటర్ పరీక్షల్లో ఏం తేలింది?* ఈ భాగంలో ఓపిక పట్టండి, ఎందుకంటే సినిమా మొత్తం దీని మీదే తిరుగుతుంది. తెర మీద జరిగేది ఇది: పైలట్లు సిమ్యులేటర్‌లో సులువుగా విమానాశ్రయానికి చేరుకుంటారు, మనిషి ఆలోచించడానికి పట్టే సమయం ఏదని కెప్టెన్ నిలదీస్తారు, అధికారులు 35 సెకన్లు కలుపుతారు, అప్పుడు ఎవరూ చేరుకోలేకపోతారు. నివేదికలో ఉన్నది ఇది: ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఎయిర్‌బస్ ఇంజినీరింగ్ సిమ్యులేటర్‌పై, విమానాశ్రయానికి తిరిగి వెళ్లే ప్రయత్నాలు 20 చేశారు. సరైన డేటా రాక, సిమ్యులేటర్ మొరాయించి, వాటిలో 5 పక్కన పెట్టారు. మిగిలిన 15లో వెంటనే మలుపు తిప్పినప్పుడు 8 సఫలమయ్యాయి: లాగార్డియా 13వ రన్‌వేకు 7లో 5, అక్కడి 22వ రన్‌వేకు 6లో 2, దగ్గరలోని టెటర్‌బరో విమానాశ్రయానికి 2లో 1. 35 సెకన్ల ఆలస్యంతో చేసిన ప్రయత్నం ఒక్కటే, అది విఫలమైంది.

ఈ అంకెలను సినిమా పక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు బయటపడతాయి. ఏమీ ఆలోచించకుండా, ఏం జరగబోతోందో ముందే తెలిసిన పైలట్లు తక్షణం వెనక్కి తిరిగినా దాదాపు సగం సార్లు విఫలమయ్యారు. తెర మీద కనిపించినంత సులువేమీ కాదు. ఆ పరీక్షలు నిజ జీవితంలోని ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోలేదని నివేదికే స్వయంగా చెప్పింది. ఆ మాట ఎవరో నిలదీస్తే ఒప్పుకున్నది కాదు. నదిలో దిగాలన్న కెప్టెన్ నిర్ణయమే ప్రాణాలు దక్కడానికి అత్యధిక అవకాశమిచ్చిందని నిర్ధారించింది కూడా ఆ ఎన్‌టీఎస్‌బీయే. సినిమాలో కెప్టెన్ గెలుచుకునే వాదన నిజానికి దర్యాప్తు బృందం తన పనిలో భాగంగా రాసిన వాక్యం. దర్యాప్తులో పాల్గొన్న అధికారులు సినిమా విడుదలైనప్పుడు బహిరంగంగా నొచ్చుకోవడానికి కారణం ఇదే, వారి బాధలో న్యాయముందని నేననుకుంటాను.

*ఎవరు ఎవరికి ఎదురు?* తెర మీద బల్లకు అటు అధికారులు, ఇటు పైలట్లు ఉంటారు. ఎన్‌టీఎస్‌బీ పద్ధతిలో విమానయాన సంస్థ, పైలట్ల సంఘం, ఇంజిన్ తయారీదారు కూడా దర్యాప్తులో భాగస్వాములుగా చేరి వాస్తవాల సేకరణలో పాల్గొంటారు. పైలట్ లైసెన్సు రద్దుచేసే పని దర్యాప్తుది కాదు; అది విమానయాన నియంత్రణ సంస్థ పరిధిలోది. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఏకైక లక్ష్యం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటమే తప్ప ఎవరిది తప్పో తేల్చడం కాదు. సినిమాలో దర్యాప్తు అధికారులకు పెట్టినవి కల్పిత పేర్లన్నది కూడా మీ పట్టికలో చేరాలి. పైలట్లిద్దరికీ అసలు పేర్లు ఉంచి, వారిని వేధించినట్టు చూపిన వారికి మాత్రం పేర్లు మార్చారంటే, కల్పన ఏ వైపు ఉందో సినిమా తానే చెప్పినట్టయింది.

6. సినిమా వదిలేసినవి రాసుకోండి

నివేదికలోని ‘సంభావ్య కారణం’ పేజీ ఒక్కటి చదివితే చాలు. నాలుగు అంశాలు ప్రాణాలు కాపాడాయని అందులో ఉంది: పైలట్ల నిర్ణయాలూ సమన్వయమూ, క్యాబిన్ సిబ్బంది పనితీరు, సహాయక పడవలు దగ్గరలో ఉండడం, ఆ ప్రయాణానికి అవసరం లేకపోయినా విమానంలో సముద్రయానానికి తగిన తెప్పలు ఉండడం. ఈ నాలుగోది కేవలం అదృష్టం. విమానం వెనుక భాగం దెబ్బతిని నీరు చేరడంతో అక్కడి తెప్పలు పనికిరాకుండా పోయాయి. ఇంజిన్లు పనిచేయని స్థితిలో పైలట్లు తగిన వేగంతో నీటి మీద దించగలరో లేదో చూడకుండానే విమానానికి అనుమతి ఇవ్వడం అందుకు దోహదం చేసిందని నివేదిక తప్పుపట్టింది. అప్పుడు నీటి ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీల సెల్సియస్. పడవలు ఆలస్యమై ఉంటే ఆ నాలుగో అంశం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. కెప్టెన్ స్వయంగా రాసిన పుస్తకం ఆధారంగా తీసిన సినిమా మొదటి అంశం మీదే నిలబడటం సహజమే, కానీ మీ పట్టికలో మిగిలిన మూడూ ఉండాలి.

7. తేడాలకు పేరు పెట్టండి

ప్రతి తేడా ఎదురుగా ఒక మాట రాయండి: కుదింపు, కలిపివేత, మార్పు, కల్పన, తారుమారు. నాలుగు నెలల పనిని ఒక్క రోజులో చూపడం కుదింపు. ముగ్గురు అధికారులను ఒకరిగా చేయడం కలిపివేత. పేర్లు మార్చడం మార్పు. జరగనిది చేర్చడం కల్పన. దర్యాప్తు బృందం సొంత నిర్ధారణను బృందానికి వ్యతిరేకంగా మరొకరి నోట పలికించడం తారుమారు. మొదటి మూడింటికీ సినిమాను నిందించకండి. చివరి రెండూ ప్రేక్షకుడు బయటికి తీసుకెళ్లే అభిప్రాయాన్ని మారుస్తాయి.

8. ఫలితాన్ని పరీక్షించుకోండి

- ‘తప్పు’ అని రాసిన ప్రతి అంశానికీ నివేదిక పేజీ సంఖ్య ఉండాలి. లేకపోతే కొట్టివేయండి.
- మీరు తప్పు అనుకుని, వెతికాక నిజమని తేలినది కనీసం ఒక్కటైనా ఉండాలి. ఒక్కటీ లేకపోతే మీరు సరిచూడలేదు, ఫిర్యాదు చేశారని అర్థం.
- ఎర్ర సిరాతో రాసిన ‘ఉద్దేశం’ గడులకు ‘నివేదికలో లేదు’ అన్న జవాబు రావచ్చు. దాన్ని ‘అబద్ధం’ అని మార్చకండి. ఎవరి మనసులో ఏముందో నివేదికలు రాయవు.
- ఒకే ఒక్క వెబ్ వ్యాసం లేదా యూట్యూబ్ వీడియో ఆధారంగా నింపిన గడులను మళ్లీ ఖాళీ చేయండి.

స్ఫూర్తితో తీసిన సినిమాలకు ఏం చేయాలి?

2012లో వచ్చిన ‘ఫ్లైట్’లో విమానం తలకిందులుగా ఎగిరే దృశ్యానికి, 2000 జనవరి 31న కూలిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 261కి పోలిక ఉంది. ఆ ప్రమాదంలో తోక భాగాన్ని కదిలించే స్క్రూకు సరిగ్గా గ్రీజు పట్టించకపోవడంతో దాని నట్టులోని మరలు అరిగిపోయాయి. ఇటువంటి సినిమాలో యాంత్రిక లోపం ఒక్కదాన్నే నివేదికతో పోల్చండి. పైలట్ తాగుడు, కోర్టు లాంటి విచారణ అన్నీ కథకు చెందినవి. వాటికి నివేదికతో పని లేదు.

హిందీలో 2022లో వచ్చిన ‘రన్‌వే 34’ కూడా ఈ కోవదే. 2015 ఆగస్టులో దోహా నుంచి కొచ్చికి వచ్చిన విమానం ప్రతికూల వాతావరణంలో తిరువనంతపురంలో దిగిన ఘటన నుంచి స్ఫూర్తి పొందిన కథ అది. అందులో అమితాబ్ బచ్చన్ పైలట్‌ను ప్రశ్నించే సన్నివేశాలు కోర్టు గదిలా ఉన్నాయని చాలామంది నవ్వుకున్నారు. అయితే భారతీయ సినిమా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలో పెద్ద ప్రమాదాలపై న్యాయవిచారణలు నిజంగానే జరిగాయి. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ వద్ద రెండు విమానాలు ఢీకొని 349 మంది మరణించినప్పుడు విచారణ జరిపింది న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ. 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదంపైనా కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేశారు. విడిగా దర్యాప్తు బ్యూరో, అంటే ఏఏఐబీ, ఏర్పడింది 2012లో. కాబట్టి న్యాయమూర్తి, బల్ల, సాక్షి కనిపించగానే కల్పన అని రాసేయకుండా, ముందు ఆ ప్రమాదం ఏ సంవత్సరానిదో, అప్పటి దర్యాప్తు ఏ పద్ధతిలో జరిగిందో చూసుకోండి. ఏఏఐబీ తన తుది నివేదికలను వెబ్‌సైటులో ఉంచుతుంది. వాటిలో ‘నిర్ధారణలు’ భాగం చదివాకే ఆ గడి నింపండి.